పోచంపల్లిలో చూడ్డానికి ఏముంది?

"ఆదివారం పిల్లల్ని తీసుకుని పోచంపల్లి వెళ్దామనుకుంటున్నాం. అక్కడ చూడ్డానికి ఏముందండీ?" నాగోల్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నన్ను ఈ మాట అడుగుతారు. నేను అటు తరచూ వెళ్తానని వాళ్లకు తెలుసు. మొదట్లో అందరూ చెప్పేదే నేనూ చెప్పేదాన్ని. వినోబా మందిరం, 101 దర్వాజల ఇల్లు, చెరువు, టూరిజం వాళ్ల మ్యూజియం, చీరల షాపులు. వాళ్లు పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేవాళ్లు. "బాగానే ఉంది గానీ, రెండు గంటల్లో అయిపోయింది" అనేవాళ్లు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమనేది.

ఎందుకంటే 2021 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ మొదటిసారి ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేసినప్పుడు ప్రపంచం మొత్తం మీద 44 ఊళ్లకు ఆ గుర్తింపు దక్కింది. మన దేశం నుంచి అందులో ఉన్నది ఒక్క పోచంపల్లే. ఆ ఎంపికకు పెట్టుకున్న షరతులు కూడా గమనించాలి. ఊరి జనాభా 15 వేలు దాటకూడదు. సేద్యం, పశుపోషణ, చేపలు పట్టడం లాంటి పాత వృత్తులు అక్కడ ఇంకా బతికి ఉండాలి. అంటే వాళ్లు మెచ్చుకున్నది ఒక కట్టడాన్నో గుడినో కాదు, ఊరు బతికే తీరును. మనం మాత్రం కారు దిగి కట్టడం కోసం వెతుకుతాం. గోల్కొండలాగా, భువనగిరి కోటలాగా ఒకటి ఎదురుగా కనబడాలనుకుంటాం. కనబడకపోతే చీర కొనుక్కుని వచ్చేస్తాం.

ఇన్నేళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఒకటుంది. పోచంపల్లిలో చూడాల్సినవి మూడు: భూమి, దారం, నీళ్లు. ఈ మూడింటిలో దేన్ని పట్టుకుని లాగినా రెండో కొస హైదరాబాద్‌లోనే, మన ఇళ్లలోనే తేలుతుంది. ఈ సంగతి తెలియకపోతే అది మూసీ లోయలో ఇంకో చిన్న రైతుల ఊరు, అంతే. తెలిస్తే రోజంతా కూడా చాలదు.

వంద ఎకరాల మాట

1951 మార్చిలో గాంధీజీ శిష్యుడు వినోబా భావే వార్ధా దగ్గరున్న తన ఆశ్రమం నుంచి కాలినడకన బయల్దేరారు. హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో జరిగే సర్వోదయ సమ్మేళనానికి రావాలి. ఇప్పుడు పోలీస్ అకాడమీ ఉన్న శివరాంపల్లే అది. సమ్మేళనం అయ్యాక ఏప్రిల్ 15న తెలంగాణ పల్లెల్లోకి నడక మొదలుపెట్టి, 18న పోచంపల్లి చేరారు.

ఆ నాలుగు రోజుల నడకను అప్పటి పరిస్థితుల మధ్య పెట్టి చూడాలి. 1946 నుంచి ఇక్కడ సాయుధ రైతాంగ పోరాటం నడుస్తోంది. వెట్టి చాకిరీ మీద, దొరల భూముల మీద జనం తిరగబడ్డారు. కమ్యూనిస్టుల నాయకత్వంలో భూములు ఆక్రమించుకుని దున్నుకున్నారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసినా పోరాటం ఆగలేదు. రాత్రి దళాలు, పగలు సైన్యం, మధ్యలో పల్లెలు. నల్లగొండ జిల్లా దానికి నడిబొడ్డు. పోచంపల్లి అప్పుడు ఆ జిల్లాలోదే. ఇప్పుడు అది ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా 2016లో కదా వచ్చింది.

అలాంటి సమయంలో వినోబా దళితవాడకు వెళ్లి మీకేం కావాలని అడిగారు. బతకడానికి భూమి కావాలన్నారు వాళ్లు. ఎంత అని అడిగితే 80 ఎకరాలైతే సరిపోతుందన్నారు. ప్రభుత్వానికి చెబుతానంటూనే, ఊళ్లోవాళ్లే ఎవరైనా ఏదైనా చేయగలరా అని అక్కడున్న వాళ్లను అడిగారాయన. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది 80, ఇస్తానన్నది 100. భూదానోద్యమం ఆ మాటతో మొదలైంది. ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. ఆ తర్వాత 51 రోజుల తెలంగాణ పర్యటనలో దాదాపు 12 వేల ఎకరాలు దానంగా వచ్చాయి. ఉద్యమం దేశమంతా పాకి ఆ లెక్క 40 లక్షల ఎకరాలు దాటింది. అందులో చాలా భూమి సాగుకు పనికిరానిదని, పంపిణీ కానిదని కూడా ఇదే చరిత్రలో ఉంది. రెండూ నిజాలే. నేను ఈ రెండూ కలిపే చెబుతాను. ఒకటి చెప్పి ఒకటి దాస్తే ఆ రోజు లేచి నిలబడ్డ మనిషికీ న్యాయం జరగదు, భూమి అందని మనిషికీ జరగదు.

వినోబా మందిరంలో ఉన్నది చిన్న గది, కొన్ని ఫొటోలు. పది నిమిషాల్లో చూసేయొచ్చు. కానీ బయటికొచ్చి రోడ్డు మీద నిలబడితే అసలు కథ ఇంకా నడుస్తూ కనిపిస్తుంది. హైవే నుంచి ఊరి దాకా ప్లాట్ల వెంచర్ల బోర్డులే. మన హైదరాబాద్ ఇటువైపు పెరుగుతోంది. సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం కూడా ఈ చుట్టుపక్కలకే వస్తోంది. భూమి ధర పెరిగేకొద్దీ భూదాన భూముల మీద తగాదాలూ పెరిగాయి. దీనికి కారణం చట్టంలో ఉంది. 1965 నాటి భూదాన్, గ్రామదాన్ చట్టం ప్రకారం భూదాన పట్టా పొందిన పేద కుటుంబం ఆ భూమిని దున్నుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వొచ్చు. అమ్మకూడదు. ఎకరం ధర వేలల్లో ఉన్నప్పుడు ఈ నియమం ఎవరికీ బరువనిపించలేదు. కోట్లకు చేరాక అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కూడా దాన్ని దాటేదారి వెతికారు. కోర్టుల్లో నలుగుతున్న భూదాన భూముల కేసులకు మూలం ఇదే. టూర్‌కి వెళ్లి ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చి వచ్చేవాళ్లు మనలో తక్కువేం లేరు. ఆ సర్వే నంబరు పూర్వం ఎవరిదో, ఎలా వచ్చిందో చూసుకోకుండా డబ్బు కట్టొద్దు.

డిజైన్ దారంలోనే ఉంటుంది

మగ్గం గురించి చెప్పేముందు మా అమ్మ సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట సిటీలో ఒక షోరూంలో "పోచంపల్లి" అని చెప్పి అమ్మితే ఒక చీర కొని అమ్మకు పెట్టాను. ఆమె కొంగు తిరగేసి, ఒక్క క్షణం చూసి, "ఇది అచ్చేసింది పిల్లా, నేసింది కాదు" అంది. నిజమే. వెనక వైపు రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది. పువ్వు అంచులు కత్తితో కోసినట్టు నున్నగా ఉన్నాయి. పోచంపల్లి నేతను ఇకత్ అంటారు. అచ్చమైన ఇకత్‌కు ముందూ వెనకా ఒకటే. అంచులు కొంచెం చెదిరినట్టు, ఈకలాగా ఉంటాయి. ఆ చెదరడం లోపం కాదు, చేత్తో కట్టి అద్దారనడానికి అదే గుర్తు.

ఎందుకలా వస్తుందో తెలియాలంటే చిటికి కట్టడం, అంటే నేయకముందే దారానికి కట్లు కట్టి రంగు అద్దడం చూడాలి. మామూలు బట్టకు నేశాక రంగు వేస్తారు, లేదంటే రంగు దారాలతో నేస్తారు. ఇక్కడ అలా కాదు. దారాన్ని చట్రం మీద బిగువుగా సాగదీసి, కాగితం మీది గళ్ల లెక్క చూసుకుంటూ, రంగు అంటకూడని చోటల్లా గట్టిగా కట్టేస్తారు. కట్టేది దేనితో అనుకున్నారు? సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో. నేను చూసిన ఇంట్లో ఒక అమ్మాయి ఎడమ చేతి బొటనవేలితో దారాల కట్టను నొక్కి పట్టి, రబ్బరు ముక్కను రెండు చుట్లు తిప్పి, కొసను ఆ చుట్టు కిందికే దూర్చి లాగుతోంది. ముడి కూడా వేయదు. ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు పడుతుందేమో. ఆమె ముందున్న చట్రం మీద అలాంటివి వందల్లో ఉన్నాయి. దూరం నుంచి చూస్తే తెల్ల దారాల మీద నల్ల చీమలు బారులు తీరినట్టుంది. ఆ కట్టను రంగులో ముంచి ఆరబెట్టి విప్పుతారు. కట్టిన చోట తెలుపు మిగులుతుంది. రెండో రంగుకు మళ్లీ వేరే చోట కట్టాలి, మళ్లీ ముంచాలి. మూడో రంగుంటే మళ్లీ. కట్టిన చోటు కొసల్లో రంగు కాస్త లోపలికి పాకుతుంది కదా, ఆ ఈకలాంటి అంచు అక్కణ్నుంచే వస్తుంది.

అంటే మగ్గం ఎక్కేసరికే చీర మీద పువ్వు, ఏనుగు, చిలక అన్నీ దారంలో సిద్ధంగా ఉంటాయి. నేసేవాళ్ల పని వాటిని ఒక దగ్గరికి చేర్చడం. పడుగులో, అంటే నిలువు దారాల్లో ఉన్న సగం బొమ్మ మీదికి పేకలో, అంటే అడ్డ దారాల్లో ఉన్న సగం బొమ్మ సరిగ్గా వచ్చి కూర్చోవాలి. పేక దారాన్ని మోసే నాడె ఇటు నుంచి అటు వెళ్లిన ప్రతిసారీ దారాన్ని చేత్తో సర్దుతారు. వెంట్రుకవాసి జరిగితే చిలకకు ముక్కు పోతుంది. పడుగు, పేక రెండింటినీ ఇలా కట్టి అద్ది నేసే పద్ధతి ప్రపంచంలో కొద్ది చోట్లే ఉంది: గుజరాత్‌లో పాటన్, ఇండోనేషియాలో బాలి దీవి, జపాన్, ఇక్కడ మన పోచంపల్లి, పుట్టపాక ప్రాంతం. ఇకత్ అనే మాట కూడా అటు మలయ్ భాష నుంచి వచ్చిందే, కట్టడం అనే అర్థంలో. మనవాళ్ల మాట చిటికి. మన ప్రాంతపు చిటికి పనికి మూలం చీరాలలో ఉందంటారు. అక్కడి తేలియా రుమాళ్లు ఒకప్పుడు గల్ఫ్ దేశాలకు ఓడల్లో వెళ్లేవి. దారానికి నూనె పట్టించి అద్దేవారు కాబట్టి ఆ పేరు. ఆ విద్యను నల్లగొండ నేతగాళ్లు నేర్చుకుని తమది చేసుకున్నారు. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో, తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆసు పోయడం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పేక దారానికి చిటికి కట్టాలంటే ముందు దాన్ని ఒక గుంజ చుట్టూ, ఎదురుగా అర్ధచంద్రంలా పాతిన మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తరతరాలుగా ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. భుజాలు పడిపోయేవి. ఇదే జిల్లాలో ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఆ నొప్పి చూడలేక, పెద్ద చదువు లేకపోయినా కొన్నేళ్లు తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. తల్లి పేరే పెట్టారు దానికి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మీరు వెళ్లిన ఇంట్లో ఆ యంత్రం ఉంటే తప్పకుండా నడిపించి చూపించమని అడగండి. నన్నడిగితే ఈ ప్రాంతంలో చూడదగ్గ వాటిలో అది మొదటి వరసలో ఉంటుంది.

రెండు గంటల్లో అయిపోయిందనే మాటకు జవాబు ఇక్కడుంది. టూరిస్టుకు కనిపించేది మగ్గం. అది ఆఖరి మెట్టు. అంతకుముందు జరిగే పనంతా, అంటే ఆసు, చిటికి, అద్దకం, కండెలు చుట్టడం, పాత పడుగు కొసకు కొత్త పడుగును పోగుపోగుగా అతకడం, ఒక్క చోట జరగదు. ఒక్కోటి ఒక్కో ఇంట్లో, ఒక్కో రోజు. ఊరంతా కలిస్తే ఒక చీర. దాన్ని ఒకే షెడ్డులో పెట్టి టికెట్ కొట్టి చూపించలేరు.

ఆ డబ్బు ఎవరికి?

ఒకసారి ఒక ఇంటి ముందు నిలబడి, "అక్కా, కాసేపు కూర్చొని చూడొచ్చా?" అని అడిగాను. "రా బిడ్డా, కూసో. నా చెయ్యి మాత్రం ఆగదు, ఏమనుకోకు" అంది ఆమె, మగ్గం గుంతలో కాళ్లు ఆడిస్తూనే. ఆ మాటలో ఉన్న లెక్క నాకు చాలాసేపటికి గానీ ఎక్కలేదు.

ఇక్కడ చాలామంది నేత కార్మికులు సొంతంగా చీర అమ్ముకోరు. మాస్టర్ వీవర్ నూలో పట్టో, రంగో డిజైనో ఇస్తాడు. నేసి ఇస్తే చీరల లెక్కన కూలి ముడుతుంది. కొందరికి సొసైటీ ద్వారా పని వస్తుంది. పట్టు దారానికి పెట్టుబడి పెట్టగలిగేవాళ్లు కొద్దిమందే కాబట్టి ఈ ఏర్పాటు నిలిచింది. గంటల లెక్కన జీతం లేదు. మనం మగ్గం పక్కన నిలబడి ఫొటోలు దిగిన అరగంట, ప్రశ్నలడిగిన ఇంకో అరగంట ఆమె కూలిలోంచే పోతాయి. వానాకాలంలో అయితే గుంతలోకి చెమ్మ ఎక్కుతుంది, రంగు ఆరదు, పని ఎలాగూ తగ్గుతుంది. ఆ తర్వాత మనం రోడ్డు మీద ఏసీ షోరూంకు వెళ్లి చీర కొంటాం. లాభం షాపుకు వెళ్తుంది. అంటే ఊరికి పేరు తెచ్చింది ఆమె పని, ఆ పేరుతో జరిగే వ్యాపారంలో ఆమెకు వచ్చేది అదే పాత కూలి. టూరిస్టులు పెరిగితే ఊరు బాగుపడుతుందని మనం తేలిగ్గా అనేస్తాం. మధ్యలో ఈ మెలిక ఉన్నంతకాలం ఆ మాట పూర్తిగా నిజం కాదు.

దీనికి నేను పాటించే పద్ధతి చెబుతాను. గంట కూర్చుంటే ఆ గంటకు డబ్బులిస్తాను. మొహమాటపడతారు, వద్దంటారు. "మీ పని ఆగింది కదక్కా" అని చేతిలో పెడతాను. ఇంట్లో సొంతంగా నేసి అమ్మేవాళ్లు దొరికితే అక్కడే కొంటాను. దుప్పటి, జాకెట్ ముక్క, ఏదైనా సరే. బేరం ఆడను. సెకన్లలో పడే ఆ రబ్బరు చుట్లను ఒకసారి దగ్గరగా చూసినవాళ్లకు బేరం ఆడాలనిపించదు కూడా.

నది ఉన్న ఊళ్లో నది దగ్గరికి ఎవరూ ఎందుకు వెళ్లరు?

మూసీ పోచంపల్లి ఊరిని ఆనుకుని పారదు. ఉత్తరాన కొన్ని కిలోమీటర్ల దూరంలో జూలూరు, పిల్లాయిపల్లి లాంటి పల్లెల పక్కగా పోతుంది. నదీ లోయలో ఉన్న ఊరు కదా, ఒడ్డున పార్కో పడవో స్నానాల రేవో ఉండాలి. ఏమీ లేవు. టూరిజం బ్రోచర్లలో చెరువు ఉంటుంది గానీ నది ఉండదు. నేను చెప్పేదాంట్లో అన్నింటికన్నా ముఖ్యమైన ముక్క ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. దాదాపు 240 కిలోమీటర్లు ప్రయాణించి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచేసింది. మళ్లీ అలా జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద, ఏడో నిజాం కాలంలో, మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. 1920ల్లో రెండూ పూర్తయ్యాయి. వరద ఆగింది, ఊరికి తాగునీరు దొరికింది. దాంతో పాటు ఇంకోటి కూడా జరిగింది. ఏడాదిలో ఎక్కువ రోజులు నగరం దాటాక నదిలో వాననీరు పారడం తగ్గిపోయింది.

మరి పోచంపల్లి పక్కన ఏడాది పొడవునా పారుతున్న ఆ నీళ్లెక్కడివి? మనవి. మా నాగోల్ సంగతే తీసుకోండి. మా నల్లాలో వచ్చేది కృష్ణ నీళ్లు. నాగార్జునసాగర్ వెనక నుంచి ఎత్తి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తెస్తారు. నగరంలో ఇంకొన్ని పేటలకు మంజీర, ఇంకొన్నింటికి ఎల్లంపల్లి నుంచి గోదావరి. ఆ నీళ్లతో మనం గిన్నెలు తోముతాం, బట్టలు ఉతుకుతాం, ఫ్లష్ కొడతాం. అవి మోరీల్లోంచి నాలాల్లోకి, నాలాల్లోంచి మూసీలోకి. అంబర్‌పేట, నాగోల్ లాంటి చోట్ల శుద్ధి ప్లాంట్లున్నాయి. కానీ 2021లో ప్రభుత్వం కొత్త ప్లాంట్లు మొదలుపెట్టినప్పుడు చెప్పిన లెక్క చూడండి. నగర ప్రాంతంలో రోజుకు పుట్టే మురుగు దాదాపు 165 కోట్ల లీటర్లు, అప్పటికి శుద్ధి అవుతున్నది 77 కోట్ల లీటర్లు. సగం కూడా కాదు. మిగతా సగానికి 31 కొత్త ప్లాంట్లు తలపెట్టారు. ఇవి కాక పరిశ్రమల వ్యర్థాలు ఉన్నాయి. పటాన్‌చెరు వైపు పరిశ్రమల నీళ్లను ఒక మేర శుద్ధి చేసి పైపు వేసి అంబర్‌పేట ప్లాంటు దాకా తెచ్చారు. ఇళ్ల మురుగుకు కట్టిన ప్లాంటు రసాయనాలను పూర్తిగా తీసేయలేదు.

ఇప్పుడు ఆ నీటి దారి మొత్తం ఒక్కసారి ఊహించుకోండి. కృష్ణలోంచి ఎత్తారు, మన వంటింట్లోకి వచ్చింది, మూసీలోకి పోయింది, పోచంపల్లి వరి మడి తడిపింది, సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో నిలిచింది, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలిసింది. నాగార్జునసాగర్‌కు దిగువన. తీసిన నదిలోకే తిరిగి వెళ్లింది, మనం వాడేసిన తర్వాత.

పోచంపల్లి వైపు పల్లెల్లో నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలను కత్వలు అంటారు. నిజాం కాలం నుంచీ ఉన్నవి ఉన్నాయి. కత్వ దగ్గర నీరు కాస్త ఎత్తుకు లేచి పక్క కాలువలోకి మళ్లుతుంది. పిల్లాయిపల్లి కాలువ అలాంటిదే. నీటిని పోచంపల్లి, చౌటుప్పల్ వైపు మోస్తుంది. కత్వ మీంచి నీరు దూకే చోట తెల్లటి నురగ కుప్పలు పడుతుంది. మన సబ్బు పొడుల నురగ అది. చలికాలం పొద్దున వెళ్తే గాలికి ముద్దలుగా ఎగిరి పొలాల్లో పడుతుంది. పిల్లలు దాన్ని చూసి కేరింతలు కొడతారు. ముట్టుకోనివ్వకండి.

నురగ చూసి ముక్కు మూసుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు. ఎందుకంటే ఈ లోయను పచ్చగా ఉంచుతున్నదీ ఇవే నీళ్లు. నల్లగొండ కరువు నేల. బావులు ఎండిపోతాయి, వానలు మొహం చాటేస్తాయి. మూసీ వెంట ఉన్న మడికి మాత్రం నడి వేసవిలోనూ నీరుంటుంది. నగరం ఉన్నంతకాలం ఆగని నీరు. ఏడాదికి రెండు పంటల వరి పండుతుంది, పాడికి గడ్డి దొరుకుతుంది. నీళ్లలోనే నత్రజని ఉంటుంది కాబట్టి యూరియా తక్కువ పడుతుంది. అది మరీ ఎక్కువైతే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు ఎక్కువ వస్తుంది, పురుగు పడుతుంది. దిగిన కాళ్లకు దురదలు, పుండ్లు. కత్వ కత్వకూ నీరు నిలిచి మడ్డి అడుగుకు దిగుతుంది కాబట్టి దిగువకు పోయేకొద్దీ కొంత తేటపడుతుంది గానీ కరిగి ఉన్న ఉప్పు ఎక్కడికీ పోదు. నేలలో పేరుకుంటుంది.

గట్టు మీద నిలబడి ఒక రైతును, "అన్నా, ఈ బియ్యం మీరు తింటారా?" అని అడిగాను. "మేం తినం మేడం. అమ్ముతం. ఇంటికి కొనుక్కుంటం" అన్నాడు. ఎక్కడ అమ్ముతారని అడగలేదు. ఆ వడ్లు మిల్లుల్లోకి పోయి బియ్యమై ఏ దారిన ఎవరి ఇంటికి చేరతాయో తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు. కానీ దగ్గర్లో ఉన్న పెద్ద మార్కెట్ ఏదో మనందరికీ తెలుసు.

2024 నవంబరులో ముఖ్యమంత్రి మూసీ పునరుజ్జీవం కోసం పాదయాత్ర చేసింది కూడా ఇదే లోయలో, వలిగొండ మండలం సంగెం దగ్గర. నగరం లోపల నది ఒడ్డున ఏం కట్టాలి, ఎవరి ఇళ్లు తీయాలి అన్నదాని మీద మనం గట్టిగా వాదించుకుంటున్నాం. దిగువ రైతుకు కావాల్సింది వేరు. అతనికి నీళ్లు ఆగకూడదు, ఆ నీళ్లు శుభ్రంగా రావాలి. శుద్ధి చేసిన నీటిని ఎవరికో అమ్ముకుని నదిలో చుక్క లేకుండా చేసినా అతనికి నష్టమే, ఇప్పటిలాగే వదిలేసినా నష్టమే. పోచంపల్లిలో చిన్నచిన్న అద్దకాల నుంచి కూడా రంగునీళ్లు మోరీల్లోకే పోతాయి, అదీ సరిచేయాల్సిందే. అయినా నగరం వదిలే దానితో పోలిస్తే అదెంత?

వెళ్లేవాళ్లకు

ఊరు హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్లు. ఎక్కువమంది విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటి, అబ్దుల్లాపూర్‌మెట్ తర్వాత ఎడమకు తిరిగి వెళ్తారు. అలాగే వెళ్లండి. పొద్దున తొమ్మిది లోపు చేరితే ఇళ్లలో పని మొదలవడం చూడొచ్చు. మందిరం, 101 దర్వాజల ఇల్లు, మ్యూజియం ఎండ ముదిరాక చూసుకోవచ్చు. వేలు పెట్టి చూపించే గైడు లేకపోయినా ఫరవాలేదు, మగ్గం చప్పుడు వినిపించిన గుమ్మం ముందు ఆగి అడిగితే ఎవరూ కాదనరు. ఒక్క రోజులో యాదగిరిగుట్ట, భువనగిరి కోట, కొలనుపాక కూడా చుట్టేయాలని పెట్టుకోవద్దు. వాటికి ఇంకో ఆదివారం ఉంది.

తిరుగు ప్రయాణం మాత్రం వచ్చిన దారిన వద్దు. జూలూరు మీదుగా రుద్రవెల్లి వైపు పోయి, బీబీనగర్ దగ్గర వరంగల్ హైవే ఎక్కండి. మధ్యలో మూసీ దాటాలి. అక్కడున్నది లోలెవెల్ వంతెన, నీళ్లకు కొద్ది ఎత్తులోనే. కారు పక్కకు ఆపి ఐదు నిమిషాలు నిలబడితే నేను ఇంతసేపు చెప్పిన నీళ్లు కాళ్ల కింద పారుతుంటాయి. వానాకాలంలో అయితే ముందే కనుక్కుని బయల్దేరండి. నగరంలో జంట జలాశయాల, అంటే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల గేట్లు ఎత్తారని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే ఆ వరద దిగువకు దిగి ఈ వంతెన మీంచి పోతుంది. అప్పుడు రాకపోకలు ఆపేస్తారు, రెండు ఒడ్ల పల్లెలవాళ్లు చుట్టు తిరిగి వెళ్లాలి. మా ఇంట్లో ఆ స్క్రోలింగ్ చూసినప్పుడు నేను చేసే మొదటి పని జూలూరులో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడగడం.